అతుకు పోగులు

మగవాళ్ళు ఇల్లు బాగుచేయడం మొదలుపెడితే నాకు భయం.

నవ్వేవాళ్ళు నవ్వుతారు. కానీ నేను చూసింది అదే. వర్ధన్నపేటలో మా నాయన ఇంటి మీది గడ్డి తీసేసి గూనపెంక కప్పించిన వేసవిలోనే బొంబాయి వెళ్ళిపోయాడు. ఆ పెంకలు కిందినుంచి అందించింది నేనే. ఎంత సంబరంగా అందించానో! వానలు పడ్డప్పుడు ఇంట్లో ఒక్క చుక్క కారలేదు. ఇంట్లో నాయన కూడా లేడు. మా అక్క మొగుడు పెరటి బావికి కొత్త గిలక బిగించి, దానికి ఆముదం పోసి, చేదకు కొత్త తాడు కట్టి, ఆ వారంలోనే బండెక్కాడు. పోయేవాడు ఊరికే పోడు. వెనక ఉండేవాళ్ళకు ఏదో ఒకటి బిగించి పోతాడు.

అందుకే కాశిబుగ్గలో మా ఇంట్లో, ఒక పొద్దున మా ఆయన నేసేది ఆపి, పోగును అటూ ఇటూ నడిపే నాడె చేతిలో పట్టుకుని ఇంటికప్పు వైపు చూస్తూ, "అనసూర్యా, ఈ ఇల్లు గిట్ల ఉండొద్దే. ఎండలు ముదరక ముందే జర మంచిగ చేసుకుందాం" అన్నప్పుడు, రాట్నం మీద నా చెయ్యి ఆగిపోయింది.

"పోగు తెగిందా?" అన్నాడు.

"తెగలే."

"మరి గట్ల చూస్తవేంది? ఇల్లు మంచిగ చేసుకుందామంటే ఏ ఆడిదన్న సంబురపడ్తది."

"సంబురమే," అన్నాను.

మా ఆయన పేరు కైలాసం. ఆ రోజుల్లో నేను ఆ పేరు నోటితో అనేదాన్ని కాదు. ఇప్పుడు కాగితం మీద రాస్తున్నాను, రాయడం అనడం కాదు కదా. పెళ్ళయ్యాక అత్తగారింటి నుంచి వేరుపడి మేమిద్దరం కొనుక్కున్న మొదటి ఇల్లు అది. ఇల్లు అంటే ఒకటే అర్ర. దాంట్లో సగం మగ్గానిది. నేసేవాడు కాళ్ళు కిందికి పెట్టి కూర్చోవడానికి నేలలో గుంత ఉంటుంది, మా మగ్గం ఆ గుంత మగ్గం. ఇల్లు కొన్న ఏడు ఆ గుంత ఆయన తవ్వాడు, మన్ను తట్టలతో నేను బయటికి మోశాను. ఆ మన్ను పారబోయబుద్ధి కాక, దాంతోనే ఇంటి ముందు అరుగు వేసుకున్నాము. మిగతా సగం అర్రలో పొయ్యి, కుండలు, మా పడక. మగ్గం పక్కనే నా రాట్నం. నేను నూలును కండెలకు చుట్టి అందిస్తే ఆయన నాడెలో పెట్టుకునేవాడు. మేము పెద్దగా మాట్లాడుకునేవాళ్ళం కాదు. మగ్గం టకటకమంటూ ఉంటే, అది ఆగినప్పుడల్లా నేను తల ఎత్తేదాన్ని. అదే మా మాట. నూలు దుమ్ము అన్నంలో పడేది, ఆయన తీసి పక్కన పెట్టి తినేవాడు.

అది యుద్ధం నడుస్తున్న కాలం. నూలుకు కంట్రోలు వచ్చింది. కార్డు పట్టుకుని పోతే ఒకప్పుడు ఇచ్చేవారు, ఒకప్పుడు రేపు రమ్మనేవారు. వాడలో మగ్గాల చప్పుడు ఒక్కొక్క ఇంట్లో ఆగిపోతూ వచ్చింది. ఆగిన ఇంటిముందు నుంచి నడిచేటప్పుడు నేను లోపలికి చూసేదాన్ని కాదు.

మా పక్కింటి లచ్చవ్వకు మాత్రం మగ్గం ఆగలేదు. ఆమె మొగుడు పోయి చాలా ఏళ్ళయింది. ఆయన గుంతలో ఆయన మగ్గం మీద ఆమే నేసేది. మా వాడలో గుంతలోకి దిగిన ఆడవాళ్ళంటే మొగుడు పోయినవాళ్ళే. మొగుడున్న ఆడది రాట్నం దగ్గర ఉంటుంది, గంజి పెడుతుంది, పోగులు అతుకుతుంది, గుంతలో మాత్రం కూర్చోదు. ఎవరూ పెట్టిన కట్టు కాదు. కానీ అందరికీ తెలుసు.

ఇల్లు ఎట్లా మార్చాలో ఆయన దారంతో చూపించాడు. పడుగు చాపే మేకులు తెచ్చి ఇంట్లోనూ వాకిట్లోనూ దిగేసి, వాటికి దారం చుట్టుకుంటూ నడిచాడు. "ఇగో, ఇది నడిమి గోడ. ఇది లోపలి అర్ర. గోడల నీ పుస్తకాలకు ఒక గూడు పెట్టిస్త."

నా పుస్తకాలంటే నవ్వుకునేవే. నేను బడికి పోలేదు. నూలు బేళ్ళ మీద అంటించిన చీటీలు చూసి చూసి అక్షరాలు పట్టుకున్నాను. ఆ తరువాత అంగడి నుంచి ఆయన ఉప్పూ పప్పూ తెచ్చిన పొట్లాల కాగితాలు విప్పి చదివేదాన్ని. ఒక కథకు మొదలు ఉండేది కాదు, ఒక కథకు చివర ఉండేది కాదు. ఆయనకు చదువు రాదు. అయినా దుకాణంలో ఏది ఎక్కువ అక్షరాలున్న కాగితమో చూసి, "అండ్ల కట్టియ్యి" అనేవాడట.

"దర్వాజ గూడ ఎత్తు చేపిస్త," అన్నాడు. "ఇంట్లకు అచ్చిన కాడికెల్లి ఇది నా నెత్తిని కొట్టని దినం లేదు."

అప్పుడే లచ్చవ్వ అరుగు మీద కూర్చుంటూ, "నీ పెండ్లాం కొట్టలేక దర్వాజకు ఒప్పజెప్పింది," అంది. "ఏంరా కైలాసం, దొరల గడీ కడ్తాన్నవా ఏంది?"

"గడీనే అవ్వా. నీకు గూడ ఒక అర్ర తీద్దునా?"

"నాకు అర్ర ఎందుకురా? మీ ఇద్దరి నడుమ గోడ ఎందుకో అది చెప్పు. ఇన్నేండ్లు ఒకలి మొకం ఒకలు చూసుకుంట పనిజేసిండ్లు. ఇప్పుడు మొకం మొత్తిందా?"

ఆయన నవ్వాడు. నేను కూడా నవ్వాను. దారం మాత్రం చూస్తూనే ఉన్నాను. లోపలి అర్ర ఉంది. ముందటి అర్ర ఉంది. పొయ్యి ఉంది, కిటికీ ఉంది, గూడు ఉంది. ముందటి అర్రలో మగ్గం గుంతకు మాత్రం ఒక్క మేకూ దిగలేదు, అక్కడ ఉత్త నేలే ఉన్నట్టు.

"గుంత ఏది?" అన్నాను.

ఆయన కిందికి చూశాడు. "అగో. మరిచిపోయిన."

సాలె ఇంట్లో పుట్టి, గుంతలో కాళ్ళు పెట్టి పెరిగిన మనిషి ఇల్లు గీసుకుంటూ గుంత మరిచిపోతాడా? అన్నం తినేవాడు నోరు మరిచిపోయినట్టు.

"మగ్గం ఏడ పెడ్తవ్ మరి?"

"చూద్దాం తీ. ముందుగాల గోడలు లేవనియ్యి," అని మేకులు పీకడం మొదలుపెట్టాడు.

ఆయన బయటికి పోయాక లచ్చవ్వ నా మొహం చూసి, "ఏందే, గట్ల తెల్లగైనవ్?" అంది.

"పోతడేమో అవ్వా."

"ఏడికి?"

"అందరు ఏడికి పోతాన్లో ఆడికే. మొన్న షోలాపురం కెల్లి రాజమల్లు అచ్చిండు కద. ఇద్దరు కలిసి అరుగు మీద ఒక్కటే ముచ్చట్లు."

లచ్చవ్వ కొంచెంసేపు నోట్లో ఆకు నమిలింది. "మనిషి నోరు అబద్ధమాడ్తది గని మగ్గం అబద్ధమాడదు బిడ్డా. గుడ్డ కోసేనాడు చూడు. అతుకుకు కొసలు ఉంచిండనుకో, మళ్ళ కూసుంటడు. అచ్చు దులిపేసిండనుకో, ఇగ లేడు."

ఆమె చెప్పింది మా ఇండ్లలో చిన్నపిల్లలకూ తెలుసు. పడుగు పోగులన్నీ ఒక్కొక్కటిగా దువ్వెనలాంటి అచ్చు పళ్ళలోంచి దూరి వస్తాయి. నేత అయిపోయి గుడ్డ కోసేటప్పుడు, అచ్చులో ఉన్న పోగులను పూర్తిగా లాగేయరు. జానెడు కొసలు వదిలి కోస్తారు. కొత్త పడుగు వచ్చినప్పుడు ఆ పాత కొసలకు కొత్త పోగులు ఒక్కొక్కటే అతుకుతారు. కొసలు లేకపోతే మొత్తం మళ్ళీ మొదటినుంచి దూర్చాలి. కాబట్టి మగ్గం వదిలేసేవాడు తప్ప ఎవరూ అచ్చు దులపరు.

అప్పుడు మగ్గం మీదున్న పడుగు ఇంకా సగం మిగిలి ఉంది. నేను కండెలు నెమ్మదిగా చుట్టడం మొదలుపెట్టాను.

"ఏందే, ఈ నడుమ కండెలు అందుతలేవు?" అనేవాడు ఆయన.

"నూలు మంచిగ లేదు. ఊకె తెగుతాంది."

"నూలు తెగుతాందా, నీ చెయ్యి మొద్దుబారిందా? పొట్లం కాగితాలు సదువుకుంట చుడ్తాన్నవా?"

"ఔ, సదువుకుంట చుడ్తాన్న," అనేదాన్ని. ఎన్ని మాటలైనా అననీ, గుంతలోనే కూర్చుని అంటున్నాడు కదా.

గోడలు పెట్టే మొండయ్య వచ్చాడు. మన్ను తొక్కి, వరుసకు వరుస ఆరబెట్టుకుంటూ నడిమి గోడ లేపాడు. గోడ నా నడుము దాకా వచ్చినప్పుడు రాట్నం దగ్గర కూర్చుంటే ఆయన తల మాత్రం కనిపించేది. మరో వరుసకు అది కూడా లేదు. నేను రాట్నం తీసుకుని గోడ ఇవతలికి, మగ్గం వైపు వచ్చి కూర్చున్నాను. "ఆడ మన్ను పడ్తాంది," అని చెప్పాను. మొండయ్య నా వైపు చూసి, తన తాపీ వైపు చూసుకున్నాడు.

ఒకరోజు ఆయన దర్వాజ కలప చూడడానికి పోయాడు. వాకిట్లో గడ్డపార చప్పుడు విని బయటికి వచ్చాను. మొండయ్య మా అరుగు అంచు మీద గడ్డపార ఆనించి నిలబడ్డాడు.

"ఏం చేస్తాన్నవే తాతా?"

"మన్ను కావాలె కద బిడ్డా. పడుగు అయిపోంగనే గుంత పూడ్వాలని చెప్పిండు కైలాసం. ఆ గుంతలకెల్లి తీసిన మన్నేనట కద ఇది. గుంతది గుంతకే సరిపోతది."

అప్పుడు నేనేం చేశానో నాకే సరిగా తెలియదు. లోపలికి పరుగెత్తాను. పడుగు మగ్గం మీదే ఉంది. ఆయన కూర్చునే పలక మీద కూర్చుని కాళ్ళు గుంతలోకి దింపాను. కింద చల్లగా ఉంది. మన్నులో ఆయన మడిమలు ఆనీ ఆనీ రెండు పల్లాలు పడి ఉన్నాయి. నా మడిమలు వాటిలో పడ్డాయి, కానీ వేళ్ళు తొక్కే కర్రలను అందుకోలేదు. అట్లాగే కూర్చున్నాను.

మొండయ్య లచ్చవ్వను పిలుచుకొచ్చాడు.

"అయ్యో దీని మొకం మండ!" అంది లచ్చవ్వ, గడపలోనే నిలబడి. "మొగడు గుండ్రాయి తీరుగ ఉండంగ గుంతల కూసుంటవా? ఎక్కే! ఎక్కిరా! ఎవలన్న చూస్తె ఏమంటరు?"

"నేను ఎక్క."

"ఎందుకు ఎక్కవ్?"

"ఎక్కితె పూడుస్తరు."

వాకిట్లో ఒకరిద్దరు గుమిగూడారు. అంతలోనే ఆయన వచ్చాడు. పాత దర్వాజ తలకు తగిలింది, తల రుద్దుకుంటూ నన్ను చూశాడు. మొదట నవ్వాడు. నేను నవ్వకపోయేసరికి ఆయన నవ్వు కూడా తగ్గిపోయింది.

"ఏందే ఇది?"

నాకు చెప్పాలని ఉన్నది ఒకటే మాట. పోవద్దు. కానీ గడపలో లచ్చవ్వ, కిటికీ దగ్గర మొండయ్య, వాకిట్లో ఎవరెవరో. మొగుణ్ణి పోవద్దని అంతమందిలో ఎట్లా అంటాను? పలక గట్టిగా పట్టుకుని, "ఈ గుంత పూడ్వొద్దు," అన్నాను. "ఈ మగ్గం ముట్టొద్దు. గంతే."

ఆయన నన్ను చాలాసేపు చూశాడు. నా కాలివేళ్ళు తొక్కే కర్రలకు అందనిది కూడా చూశాడు. తరువాత వెనక్కి తిరిగి, "మొండయ్యా, గుంత ఉంటది. అరుగు ముట్టకు," అన్నాడు.

ఆ పూట నేను వండిన పప్పులో ఉప్పు లేదట. నాకు తెలియలేదు. గెలిచాననుకున్నాను.

పడుగు అయిపోయింది. గుడ్డ కోసే రోజున ఆయన నన్ను బావి నీళ్ళకు పంపాడు. తిరిగి వచ్చేసరికి గుడ్డ మడతపెట్టి ఉంది. అచ్చును పాత పంచెలో చుట్టి దూలానికి వేలాడదీస్తున్నాడు.

"కొసలు ఉంచినవా?" అన్నాను. బిందె ఇంకా చంకలోనే ఉంది.

"ఉంచిన. మస్తుగ ఉంచిన."

నా ఒళ్ళంతా తేలికైంది. బిందె దింపబోతుంటే, ఆయన నా వైపు చూడకుండా, ముడి వేస్తూ అన్నాడు. "నేను రాజమల్లు తోని షోలాపురం పోతాన్న అనసూర్యా. మిల్లుల పని ఉన్నదట. ఈడి మిల్లు గేటు కాడ పనికోసం నిలబడి నిలబడి యాష్టకచ్చింది. నూలు లేక చేతులు ముడుసుకొని ఎన్నొద్దులు కూసుంట?"

"ఎప్పుడు అనుకున్నవ్?"

"ఇల్లు మొదలువెట్టక ముందే. చెప్తె నువ్వు అన్నం మానేస్తవని చెప్పలే."

"నన్ను గూడ తీసుకపో."

"ఆడ ఒక్క అర్రల పదిమంది మొగోళ్ళు పంటరు. నిన్ను ఏడ ఉంచాలె? గందుకే లోపటి అర్ర తీసిన. లోపల గొళ్ళెం గట్టిది పెట్టిచ్చిన. నువ్వు పైలంగ ఉంటె నాకు ఆడ నిద్రవడ్తది. గుంత గూడ గందుకే పూడుద్దామనుకున్న, ఒక్కదానివి తిరుగుకుంట పడ్తవని. నువ్వు వద్దంటివి. సరే, అదీ మంచిదే అనుకున్న."

నేను దూలం వైపు చూశాను. పంచె మూట గాలికి కొంచెం ఊగుతోంది. కొసలున్నాయి. మస్తుగా ఉన్నాయట. అచ్చు దులపలేదు. అంటే వస్తాడు, మళ్ళీ కూర్చుంటాడు. ఆ మాట పట్టుకుని ఏడుపు మింగాను.

పోయే రోజు ఎండ బాగా ఎక్కింది. కొత్త దర్వాజ అంతకు కొన్నాళ్ళ ముందే నిలబెట్టారు. ఆయన కంటే జానెడు ఎత్తు. సంచి భుజాన వేసుకుని, "పోయొస్త," అని, గడప దాటుతూ తల వంచాడు. అవసరం లేకపోయినా వంచాడు. పాత దర్వాజ ఇంకా అక్కడే ఉన్నట్టు.

"పైలం," అన్నాను. ఆయన అరుగు దిగి, మలుపు తిరిగాడు.

కొత్త ఇల్లు చాలా బాగుందని అందరూ అన్నారు. పొగ పైకి పోయేది. గోడకు తెల్లగా సున్నం. గూట్లో నా పుస్తకాలు. అన్నంలో నూలు దుమ్ము పడేది కాదు. మొదట్లో నేను తెలియక ముద్దలో దుమ్ము వెతికి, లేదని చూసి, ఆ ముద్ద అట్లాగే చేతిలో పట్టుకుని కూర్చునేదాన్ని. వాడలో ఎక్కడో మగ్గం ఆగితే తల ఎత్తేదాన్ని. ఎదురుగా గోడ ఉండేది.

పొట్లం కాగితాలు నేనే తెచ్చుకోవాల్సి వచ్చింది. దుకాణంలో నోరు తెరిచి అడగడానికి సిగ్గు. ఎట్లా కట్టి ఇస్తే అట్లా తెచ్చుకునేదాన్ని, ఎక్కువసార్లు అంకెలే ఉండేవి. షోలాపురం నుంచి ఉత్తరాలు వచ్చేవి, ఎవరితోనో రాయించినవి. క్షేమం అని మొదలై క్షేమం అని ముగిసేవి. ఆయన మాట ఒక్కటైనా దొరుకుతుందేమోనని మళ్ళీ మళ్ళీ చదివేదాన్ని. ఎవరి చేతిరాతో గానీ అక్షరాలు చాలా చక్కగా ఉండేవి.

నేను లచ్చవ్వకు కండెలు చుట్టిపెట్టేదాన్ని. ఒకసారి ఆమె, "మగ్గం ఉత్తగ ఉన్నది కద, ఒక పడుగు ఇప్పిస్త, నేసుకుంటవా?" అంది.

"నేను నెయ్య," అన్నాను. "అది ఆయన మగ్గం. ఆయన కొసలు ఉంచిండు."

ఆమెకు నా భయం అర్థమైంది. మళ్ళీ అడగలేదు. నేను గనుక ఆ మూట విప్పి, ఆ గుంతలో కాళ్ళు పెట్టి నేస్తే, ఆయన ఇక రాడని ఒప్పుకున్నట్టే. వాడలో మొగుడు లేని ఆడవాళ్ళ లెక్కలో నేనూ చేరినట్టే. అందుకని మూటను ముట్టలేదు. కింద గుంత మీద పలకలు పరిచి, పైన చాప వేశాను. నడిచేటప్పుడు ఆ చోట పాదం కింద బోలుగా మోగేది. రోజూ అటే నడిచేదాన్ని.

ఎండాకాలం తిరిగొచ్చింది. ఒక మధ్యాహ్నం దర్వాజలో వెలుతురు తగ్గింది. తల ఎత్తితే ఆయన. తల వంచుకుని లోపలికి వచ్చాడు. చిక్కిపోయాడు. జుట్టులో దూది అంటుకుని ఉంది, లేదా జుట్టే తెల్లబడింది.

కాళ్ళకు నీళ్ళిచ్చాను. తాగడానికి నీళ్ళిచ్చాను. ఆయన సంచి విప్పి, "నీకే తెచ్చిన," అని బయటికి తీశాడు. షోలాపురం చీరలు మంచివంటారు. నేను చీరే అనుకున్నాను. నూలు. చిలపలుగా చుట్టిన నూలు కట్ట.

"ఇవెందుకు?" అన్నాను.

"ఎందుకేందే? నూలు దొరుకుతలేదు కద ఈడ. మిల్లుల తెలిసినోళ్ళను బతిలాడి తెచ్చిన. పేకకు మంచిగుంటది. ఇప్పుడు ఏం పడుగు మీద ఉన్నవ్?" అంటూ లేచి ముందటి అర్రలోకి నడిచాడు. చాప మీద కాలు పెట్టి, బోలు చప్పుడు విని ఆగాడు. పైకి చూశాడు. పంచె మూట తను కట్టిన ముడితో అట్లాగే వేలాడుతోంది. దాని మీద దుమ్ము.

"ఇంక అతకలేదా?"

"ఎవలు అతకాలె?"

"నువ్వు!"

"నేనెందుకు అతుకుత? నువ్వచ్చి కూసుంటవని నువ్వు ఉంచుకుంటివి."

"నాకోసమా?" ఆయన మూట దింపి, చాప మీద కూర్చుని ముడి విప్పాడు. పంచె మడతల్లోంచి అచ్చు బయటికి వచ్చింది. దాని పళ్ళలోంచి పోగుల కొసలు కుచ్చులు కుచ్చులుగా, చక్కగా ముడులు వేసి ఉన్నాయి. జానెడు కాదు. మూరెడు పొడుగు. కంట్రోలు నూలు రోజుల్లో ఏ సాలెవాడూ అంత నూలు వదులుకోడు.

"నాకైతే జానెడు చాలదా?" అన్నాడు. "కొత్త చెయ్యి, కొసలు పొట్టిగుంటె అందయని గింత పొడుగు ఉంచిన. ఆ దినం గుంతల కూసోని మగ్గం ముట్టొద్దంటివి. నేను లేకున్నా నువ్వు నేసుకుంటవని అనుకున్న. నీకు పొద్దువోతదని."

"నేను నేస్తనని కూసోలే."

"మరి?"

"నువ్వు పోవద్దని కూసున్న."

ఆయన చేతిలో పోగుల కుచ్చు ఉంది. దాన్ని అట్లాగే పట్టుకున్నాడు.

"నోటితోని చెప్పొద్దానే?"

"అందరుండిరి. ఎట్ల చెప్త?"

"అందరు పోయినంక?"

"అందరు పోయినంక గెలిచిన అనుకున్న," అన్నాను.

ఆయన నవ్వబోయాడు. నవ్వు రాలేదు. "షోలాపురంల రోజు అనుకునేటోన్ని," అన్నాడు. "మిల్లుల మగ్గాల మోత గుయ్యిమంటది, పక్కోడు ఒర్రినా ఇనవడదు. ఈపాటికి అనసూర్య నాడె ఏస్తాంటది అనుకునేటోన్ని."

నేను ఏడాదంతా గోడ చూస్తూ కూర్చుంటే, అక్కడ ఆయన చెవిలో నా మగ్గం మోగుతూ ఉంది.

ఆయనకు ఇచ్చిన సెలవు కొద్ది రోజులే. లచ్చవ్వ సావుకారి దగ్గర ఒక పడుగు ఇప్పించింది. మేము దాన్ని మగ్గానికి ఎక్కించి, ఇద్దరం చెరో పక్క కూర్చున్నాము. ఆయన పాత కొస ఎత్తి ఇచ్చేవాడు, నేను వేళ్ళకు బూడిద అద్దుకుని కొత్త పోగు దానికి కలిపి మెలిపెట్టేదాన్ని. పోగు తరువాత పోగు. పొద్దున కూర్చుంటే పొయ్యి గుర్తుకు వచ్చేదాకా అదే పని. మాటలు లేవు. ఒకసారి ఆయన, "మెల్లగ చేస్తాన్నవ్," అన్నాడు.

"నూలు మంచిగ లేదు," అన్నాను.

ఈసారి ఇద్దరం నవ్వుకున్నాము.

తొక్కే కర్రలను నా కాలికి అందేటట్టు తాడు ముడులు మార్చి కట్టాడు. గుంత అడుగున ఆయన మడిమల పల్లాలు ముట్టలేదు. నన్ను పలక మీద కూర్చోబెట్టి నాడె చేతిలో పెట్టాడు. లచ్చవ్వ గడపలోకి వచ్చి చూసింది. నా కాలి మెట్టెలు చూసింది, పక్కన నిలబడ్డ ఆయనను చూసింది.

"మొగడు నిలబడె, పెండ్లాం కూసునె. ఇదేం కాలమే!" అని, వెంటనే, "ఆ చెయ్యి గట్ల కాదు, జర పైకి," అంది.

ఆయన మళ్ళీ వెళ్ళిపోయాడు. "పోయొస్త" అని, తల వంచి.

నేను అరుగు మీద నిలబడి మలుపు దాకా చూడలేదు. ఆయన వెనక్కి తిరిగి చూస్తే ఖాళీ అరుగే కనిపించి ఉంటుంది. లోపల గుంతలో కూర్చుని నాడె వేస్తున్నాను. వాడ దాటేదాకా ఆ చప్పుడు ఆయనకు వినిపించాలని. చెయ్యి కొత్తది, పోగులు తెగుతున్నాయి, అయినా ఆపలేదు. ఆపితే ఆయన తల ఎత్తుతాడు, ఆగిపోతాడు, బండి పోతుంది. అట్లా అయితే బాగుండునని కూడా అనిపించింది. కానీ ఆపలేదు.

ఆ గుడ్డ అందంగా లేదు. అంచు ఒకచోట లోపలికి, ఒకచోట బయటికి పోయింది. సావుకారి మొహం చిట్లించి తీసుకున్నాడు. అన్నంలో మళ్ళీ నూలు దుమ్ము పడసాగింది. తీసి పక్కన పెట్టి తిన్నాను. మొదటి పడుగు అయిపోయి గుడ్డ కోయవలసిన పొద్దున, లచ్చవ్వ కత్తెర అందిస్తూ, "జానెడు ఇడిసిపెట్టి కొయ్యి. నీ చెయ్యి ఇప్పుడు కుదిరింది. నూలు పాడుచెయ్యకు," అంది.

"సరే అవ్వా," అన్నాను.

ఆమె అటు తిరిగాక, మూరెడు ఉంచి కోశాను.